సెంట్‌ఓఎస్ ఆగిపోయింది... నేర్చుకున్న లినక్స్ వృథాయేనా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. లినక్స్ అడ్మిన్‌గా స్థిరపడాలని ఉంది. కోచింగ్‌లో సెంట్‌ఓఎస్ 7 అనే డిస్ట్రిబ్యూషన్ (లినక్స్‌తో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్) మీద నేర్పించారు. దానికి సపోర్ట్ (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) ఆగిపోయిందని ఇప్పుడు తెలిసి టెన్షన్‌గా ఉంది. ఉబుంటుకు మారాలా, రెడ్‌హ్యాట్ సర్టిఫికేషన్ చేయాలా?
- ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. యూజర్లు, పర్మిషన్లు, ఎల్‌వీఎం (డిస్క్ స్థలం నిర్వహణ), సిస్టమ్‌డీ (సర్వీసుల నిర్వహణ), షెల్ స్క్రిప్టులు ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా ఉంటాయి. రెడ్‌హ్యాట్ వైపు కొత్త వెర్షన్లలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే యమ్ టూల్ స్థానంలో డీఎన్‌ఎఫ్ వచ్చింది. ఉబుంటులో అయితే ఆ పనికి ఏపీటీ, భద్రతకు ఎస్‌ఈలినక్స్ బదులు యాప్‌ఆర్మర్. వీటికి అలవాటు పడటం కష్టమేమీ కాదు.

సెంట్‌ఓఎస్ ఎలా ఆగిందో మాత్రం బాగా తెలుసుకోండి. రెడ్‌హ్యాట్ కోడ్‌తోనే తయారై ఉచితంగా దొరికేది కాబట్టి కంపెనీలు దాన్ని విరివిగా వాడుకున్నాయి. వెర్షన్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయనుకుంటే, ఆ గడువును 2021 డిసెంబరు 31కే ముగిస్తున్నట్లు 2020 డిసెంబరులో ప్రకటించారు. ఆ లోటు తీర్చడానికే రాకీ లినక్స్, ఆల్మాలినక్స్ పుట్టుకొచ్చాయి. వెర్షన్ 7 గడువు 2024 జూన్ 30న తీరింది.

ఒకసారి అప్లికేషన్ కుదురుకున్నాక, ఏళ్ల తరబడి ఆ సర్వర్‌ను కదపడానికి బ్యాంకుల్లాంటి సంస్థలు ఇష్టపడవు. అందుకే డిస్ట్రిబ్యూషన్ల మధ్య అసలు పోటీ సపోర్ట్ ఎన్నేళ్లు ఇస్తారన్న దగ్గరే. రెడ్‌హ్యాట్ పదేళ్లు ఇస్తుంది. ఉబుంటులో ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాల సపోర్ట్ వెర్షన్లకు ఐదేళ్లు ఉచితం, ఉబుంటు ప్రో సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటే పదేళ్లు. డెబియన్‌కు మొత్తం ఐదేళ్లు.

ఈ సపోర్ట్ ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చూడండి. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2024 జులైలో పెద్ద లోపం బయటపడింది. అసలు ప్రాజెక్టు దాన్ని 9.8 వెర్షన్‌లో సరిచేసింది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో మాత్రం ఆ ప్యాచ్‌ను పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.7కే కలిపి ఇచ్చారు. అప్‌డేట్ చేశాక కూడా వెర్షన్ 8.7 అనే చూపిస్తుంది. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. వెర్షన్ నంబరు చూసి ‘ఇంకా ప్రమాదమే’ అని స్కానర్ రిపోర్ట్ ఇస్తే కంగారుపడకుండా, ప్యాకేజీ చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) తెరిచి ఆ లోపానికి ఇచ్చిన సీవీఈ నంబరు ఉందో లేదో చూడగలిగిన అభ్యర్థిని నేనైతే వెంటనే తీసుకోమంటాను.

మీ విషయానికి వస్తే, మీకు పునాది ఉంది కాబట్టి ముందు రెడ్‌హ్యాట్ అడ్మిన్ సర్టిఫికేషన్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ చేయండి. అందులో ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఉండవు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. ప్రాక్టీసుకు డబ్బు పెట్టనక్కర్లేదు. రెడ్‌హ్యాట్ డెవలపర్ ఖాతా తెరిస్తే వ్యక్తిగతంగా 16 సిస్టమ్‌ల దాకా ఉచితం. క్లౌడ్, డెవాప్స్ వైపు వెళ్లాలనుకుంటే ఆ తర్వాత ఉబుంటు ఎల్‌టీఎస్ పట్టుకోండి.

ఈలోపు ఒక పని చేయండి. వర్చువల్ మెషీన్‌లో సెంట్‌ఓఎస్ 7 వేసి, దాన్ని ఎలివేట్ అనే టూల్‌తో ఆల్మాలినక్స్ 8కి మార్చండి. మొదట్లోనే యమ్‌కు రిపోలు (ప్యాకేజీలు డౌన్‌లోడ్ అయ్యే సర్వర్లు) దొరక్క ఎర్రర్ వస్తుంది. రిపో ఫైళ్లలో చిరునామాను పాత వెర్షన్లు భద్రపరిచే సెంట్‌ఓఎస్ వాల్ట్‌కు మార్చుకోవాలి. వచ్చిన ప్రతి ఎర్రర్, మీరు దాన్ని సరిచేసిన తీరు రాసిపెట్టుకుని రెజ్యూమెలో ప్రాజెక్టుగా చూపించండి. పరీక్షకు ఫీజు కట్టేముందు అది ఏ రెడ్‌హ్యాట్ వెర్షన్ మీద జరుగుతోందో అధికారిక సైట్‌లో చూసి, అదే వెర్షన్ మీద ప్రాక్టీస్ చేయండి.