బ్యాండ్ 110 దగ్గర వస్తోంది, యాంటీబాడీ పాడైందా?

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ రెండో సంవత్సరం. కణంలో వెసికిల్స్ అనే చిన్న సంచుల్లో వెళ్లే సరుకు, చెత్తను అరిగించే లైసోజోమ్ దాకా చేరుతోందా లేదా చూడ్డానికి లైసోజోమ్ పొర మీదుండే ల్యాంప్1 ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీ, హెచ్4ఏ3 క్లోన్ (ఆ యాంటీబాడీ రకం పేరు) వాడుతున్నా. హీలా సెల్స్‌తో (మనిషి కణాలు) వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చేస్తే 45 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర రావాల్సిన బ్యాండ్ 110 దగ్గర వెడల్పుగా అలుక్కుపోయినట్టు వస్తోంది. ఎలుక మాక్రోఫేజ్‌లలో (రోగనిరోధక కణాలు) స్టెయిన్ చేస్తే అసలు ఏమీ లేదు. గైడ్ గారు కొత్త వయల్ తెప్పించమంటున్నారు.

జవాబు: ఆగండాగండి, ఆర్డర్ పెట్టకండి. ఆ 110 బ్యాండే కరెక్ట్. ల్యాంప్1లో ఉన్నవి 417 అమైనో ఆమ్లాలే, మీరన్న 45 ఆ లెక్కే, కానీ కణంలో ప్రోటీన్లు తయారై ముస్తాబయ్యే ఈఆర్, గాల్జీ దాటి వచ్చేలోపు దాని ఒళ్లంతా చక్కెర గొలుసులు తగులుకుంటాయి, అవి ఒక్కో అణువుకి ఒక్కోలా ఉంటాయి కాబట్టే బ్యాండ్ అలా అలుక్కుంటుంది. నమ్మకం కుదరకపోతే లైసేట్‌ని (పగలగొట్టిన కణాల ద్రవం) ఆ చక్కెరల్ని కత్తిరించే పీఎన్‌గేస్ ఎఫ్ ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర ఉంచి చూడండి, బ్యాండ్ 40 చుట్టుపక్కలకి దిగిపోతుంది. ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌తో ఉడికించాక, ఎంజైమ్ వేసేముందు ఎన్‌పీ-40 అనే మెతక డిటర్జెంట్ కలపడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే ఎస్‌డీఎస్ ఆ ఎంజైమ్‌నే చంపేస్తుంది, మళ్లీ యాంటీబాడీని తిడతారు. ల్యాంప్1 నాకౌట్ సెల్స్ (ఆ జన్యువు తీసేసినవి) ఎవరిదగ్గరైనా దొరికి, వాటిలో బ్యాండ్ మాయమైతే అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఇక ఎలుకల సంగతి. మన తెలుగుతో చిక్కేంటంటే మౌస్‌నీ ఎలుక అంటాం, ర్యాట్‌నీ ఎలుకే అంటాం, ల్యాబ్‌లో ఆ ఒక్క మాటతో వారం పోతుంది. హెచ్4ఏ3ని మౌస్‌లో తయారు చేశారు, కానీ పట్టేది మనిషి ల్యాంప్1ని. మీ మాక్రోఫేజ్‌లు మౌస్‌వే అయితే 1డీ4బీ క్లోన్ కావాలి, అది ర్యాట్‌లో తయారైంది, కాబట్టి దాన్ని పట్టి మెరిసే సెకండరీ యాంటీబాడీ కూడా యాంటీ-ర్యాట్ ఉండాలి. మాక్రోఫేజ్‌ల మీద యాంటీబాడీల తోకను పట్టుకునే ఎఫ్‌సీ రిసెప్టర్లు బోలెడు, వాటిని ముందే బ్లాక్ చేయకపోతే ఏ యాంటీబాడీ వేసినా అతుక్కుని మెరుస్తుంది. శాపోనిన్‌తో పెర్మియబిలైజ్ చేస్తుంటే (యాంటీబాడీ లోపలికెళ్లేలా పొరకి చిల్లులు పెడుతుంటే) యాంటీబాడీ బఫర్లలో కూడా అది ఉండాలి, కడిగేస్తే పొర మళ్లీ మూసుకుంటుంది.

అన్నట్టు ల్యాంప్1, లైసోజోమ్‌కి ముందు మజిలీ అయిన లేట్ ఎండోజోమ్‌ల మీద కూడా ఉంటుంది. మీ సరుకు దానితో కలిసి కనపడిందని లైసోజోమ్ చేరిపోయిందని రాసేస్తే రివ్యూయర్ ఊరుకోడు, పక్కన లైసోజోమ్ లోపలి ఎంజైమ్ కాథెప్సిన్ డి కూడా వేసి చూడండి.