అర్ధరాత్రి పిలిచి, కిడ్నీ మీకు కాదని పంపేశారు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు రెండేళ్లుగా డయాలసిస్ చేస్తున్నారు, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. పోయిన నెల రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేసి కిడ్నీ వచ్చింది రమ్మంటే వరంగల్ నుంచి కారు మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్లాం. రక్తం తీసుకున్నారు, మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, చివరికి వేరేవాళ్లకు పెడుతున్నాం వెళ్లండి అన్నారు. డబ్బున్నవాళ్లకు ఇచ్చేశారేమోనని మావాళ్ల అనుమానం. అమ్మేమో ఎవరో పోవాలని ఎదురుచూడటం పాపం, పేరే తీసేయించమంటోంది.

జవాబు: అమ్మా, ఒక దాత నుంచి వచ్చేవి రెండే కిడ్నీలు, పిలిచేది మాత్రం అంతకంటే ఎక్కువమందిని. ఎందుకంటే బ్లడ్ గ్రూపు కలిసినా క్రాస్‌మ్యాచ్ కుదరకపోవచ్చు. దాత కణాలను మీ నాన్నగారి సీరంతో, అంటే రక్తంలోని ద్రవభాగంతో, కలిపి చూస్తారు, వాటిని కొట్టే యాంటీబాడీలు ఆయన ఒంట్లో ముందే ఉంటే (గతంలో రక్తం ఎక్కించుకున్నవాళ్లలో ఇది మామూలే) పెట్టిన కిడ్నీ ఆపరేషన్ బల్ల మీదే పాడైపోవచ్చు. క్రాస్‌మ్యాచ్ కుదిరినా, జాబితాలో ముందున్నవాళ్లకు కూడా కుదిరితే వాళ్లకే వెళుతుంది. మీ విషయంలో ఏది జరిగిందో ఆసుపత్రిలో మార్పిడి వ్యవహారాలు చూసే కోఆర్డినేటర్‌ని గట్టిగా అడగండి. ఆ ఒక్క ముక్క ఆ రోజే చెప్పి ఉంటే ఇంత అనుమానం వచ్చేది కాదు, అది మా డాక్టర్ల తప్పే.

నీళ్లు ఇవ్వనిది మత్తు ఇవ్వాల్సి రావచ్చని. ఇక అన్ని గంటలెందుకంటే, యాక్సిడెంట్ కేసైతే పోలీసుల పంచనామా ఉంటుంది, గుండె, కాలేయం తీసుకునే టీములు వేరే ఆసుపత్రుల నుంచి రావాలి. తీశాక గుండెకు నాలుగైదు గంటలే టైము, హడావుడంతా దానికే. కిడ్నీలు చివర్లో తీస్తారు, చల్లటి ద్రావణంతో లోపలి రక్తం కడిగేసి ఐసు పెట్టెలో పెడితే దాదాపు ఒక రోజు ఆగుతాయి.

అమ్మగారి బాధ గురించి. ఈ కిడ్నీలు వచ్చేది బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి, అంటే మెదడు పూర్తిగా, శాశ్వతంగా ఆగిపోయినవాళ్ల నుంచి. అది కోమా కాదు. నలుగురు డాక్టర్లు, అందులో మార్పిడి టీము వాళ్లెవరూ లేకుండా, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. వెంటిలేటర్ తప్పించి, ఆక్సిజన్ మాత్రం ఇస్తూ, సొంతంగా ఒక్క శ్వాసైనా తీస్తారా అని చూస్తారు. ఆ మనిషి పోయారని తేలాకే ఇంటివాళ్లను అడిగేది. మీ నాన్నగారి పేరు జాబితాలో ఉన్నా లేకపోయినా అక్కడ జరిగేది మారదు.

పేరు తీయించకండి. ఈ మధ్య ఆయనకు రక్తం ఎక్కించి ఉంటే కోఆర్డినేటర్‌కి చెప్పి కొత్త సీరం శాంపిల్ ఇవ్వండి, రాత్రిళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి, ఏ వేళ పిలిచినా పలికే కారు డ్రైవర్ నంబరు ఒకటి దగ్గర పెట్టుకోండి.