అంతర్వేది వైపు తీరంలో కనిపించే నల్ల ఇసుక గ్రాఫైటేనా? బ్యాటరీలకు పనికొస్తుందా?

కాదు, గోదావరి డెల్టా తీరంలో చారలుగా కనిపించే ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలది.

అసలు కారణం బరువే. ఇల్మనైట్ నీటికన్నా నాలుగున్నర రెట్లకు పైగా బరువు. అల తేలికైన ఇసుకను వెనక్కి లాక్కుపోతుంటే, చేటలో చెరిగినట్టు బరువైన గింజలు ఒడ్డున మిగిలిపోతాయి. గ్రాఫైట్ మామూలు ఇసుకకన్నా తేలిక, పైగా మెత్తన. పల్చటి రేకులుగా విడిపోయే ఆ ఖనిజం ఒడ్డున పేరుకోవడం కష్టం. అది దొరికేది ఎగువన, తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలో. రాయిని తవ్వి, పొడి చేసి, నీళ్లలో నురగతో పైకి తేల్చి రేకుల్ని వేరు చేస్తారు.

అనుమానముంటే ఆ ఇసుక దగ్గర అయస్కాంతం పెట్టండి. మాగ్నటైట్ గింజలు టక్కున అంటుకుంటాయి. గ్రాఫైట్ అంటుకోదు, కాగితం మీద రుద్దితే జిడ్డుగా, బూడిద రంగు గీత పడుతుంది.

నల్లగా మెరిసేదంతా గ్రాఫైట్ అనుకోవడం ఒక పొరపాటైతే, లిథియం బ్యాటరీలో ఉండేదంతా లిథియమే అనుకోవడం ఇంకా పెద్దది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు వెళ్లి చేరేది గ్రాఫైట్ పొరల మధ్యకే. తూకం వేస్తే ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలో లిథియంకన్నా గ్రాఫైటే ఎక్కువ. అందుకే 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో దీనికీ చోటు దక్కింది. అదే ఏడాది డిసెంబరు నుంచి చైనా గ్రాఫైట్ ఎగుమతులకు అనుమతులు తప్పనిసరి చేయడంతో టెన్షన్ మరింత పెరిగింది. ఇల్మనైట్‌కూ గిరాకీ ఉంది, కానీ అది టైటానియం కోసం.