మీ ప్రశ్నకు జవాబు: లోడ్ లేకుండానే వేడెక్కే ఇన్వర్టర్

ప్రశ్న: సీడీ4047 ఐసీ (పల్సులు పుట్టించే చిప్), రెండు ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు), 12-0-12 (మధ్య తీగకు అటూ ఇటూ 12 వోల్టులు), 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌తో 12 వోల్టుల ఇన్వర్టర్ చేశాను. 50 హెర్ట్జ్ కోసం 2.2×ఆర్×సీ సూత్రంతో లెక్కవేసి 91 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. బల్బు తగిలించకముందే ట్రాన్స్‌ఫార్మర్ గట్టిగా మోగుతోంది, మాస్‌ఫెట్లు ముట్టుకోలేనంత వేడెక్కుతున్నాయి. ఇప్పటికే ఒకటి కాలిపోయింది. తప్పెక్కడ?
– పాలిటెక్నిక్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మాస్‌ఫెట్ల తప్పేమీ లేదు. మీ ఇన్వర్టర్ 50 హెర్ట్జ్ మీద కాదు, 25 మీద నడుస్తోంది. 2.2×ఆర్×సీ అనేది 13వ పిన్ దగ్గర వచ్చే కాలం. మీరు మాస్‌ఫెట్లకు ఇచ్చింది 10, 11 పిన్‌ల నుంచి. ఆ పిన్‌ల ముందు ఐసీ లోపల ఒక ఫ్లిప్‌ఫ్లాప్ (ప్రతి పల్సుకు ఒకసారి స్థితి మార్చే సర్క్యూట్) ఉంది, అది ఫ్రీక్వెన్సీని సగం చేస్తుంది. కాబట్టి వాడాల్సిన సూత్రం 4.4×ఆర్×సీ. 20 మిల్లీసెకన్ల కాలానికి, 0.1 మైక్రోఫారడ్‌తో రెసిస్టర్ 45.45 కిలో ఓమ్‌లు రావాలి. 39 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కు వరుసగా 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెట్టి, 10వ పిన్ దగ్గర మీటర్‌తో 50 హెర్ట్జ్ చూసి నిలపండి.

ఫ్రీక్వెన్సీ సగమైతే వేడి ఎందుకంటారా? కోర్‌లో (ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప గుండెలో) అయస్కాంత ప్రవాహం ఎంత పెరుగుతుందో తేల్చేది వోల్టేజీ ఒక్కటే కాదు, ఆ వోల్టేజీ ఎంతసేపు నిలిచిందన్నది కూడా. 50 హెర్ట్జ్ సైన్ తరంగంలో 12 వోల్టుల వైండింగ్‌కు అరచక్రంలో అందేది 0.108 వోల్టు-సెకన్లు. బ్యాటరీ నుంచి వచ్చే చదరపు తరంగమైతే 12×0.01, అంటే 0.12. ఈ కొద్దిపాటి ఎక్కువను కోర్ సాధారణంగా ఓర్చుకుంటుంది. 25 హెర్ట్జ్‌లో అదే 0.24 అవుతుంది. కోర్ సగం దారిలోనే నిండిపోతుంది (సాచురేషన్). ఆ తర్వాత వైండింగ్ మామూలు రాగితీగలాగే మిగులుతుంది, బ్యాటరీ కరెంటంతా మాస్‌ఫెట్ గుండా దూకుతుంది. మీరు విన్న మోత అదే.

ఆ ఫ్లిప్‌ఫ్లాప్‌ను అనవసరమని అనుకోకండి. రెండు అరచక్రాలనూ సరిసమానం చేసేది అదే. 555 ఐసీ అవుట్‌పుట్‌ను నేరుగా వాడిన ఇన్వర్టర్లలో ఒక సగం కాస్త పొడవుగా ఉండి, కోర్ ఒకవైపే నిండిపోతుంది.

మిగతా వైరింగ్ కూడా సరిచూసుకోండి. కెపాసిటర్ 1, 3 పిన్‌ల మధ్య, రెసిస్టర్ 2, 3 పిన్‌ల మధ్య ఉండాలి. 4, 5, 6, 14 పిన్‌లు పాజిటివ్‌కు, 7, 8, 9, 12 నెగటివ్‌కు. కెపాసిటర్ పాలియెస్టర్‌దే పెట్టండి. సిరామిక్ డిస్క్ అయితే వేడికి విలువ జారి ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. ఒక్కో మాస్‌ఫెట్ గేటుకు (దాన్ని ఆన్, ఆఫ్ చేసే కాలు) వరుసగా 100 ఓమ్‌లు, గేటు నుంచి సోర్సుకు (నెగటివ్‌కు కలిపే కాలు) 10 కిలో ఓమ్‌లు. ఈ రెండోది లేకపోతే ఐసీకి కరెంటు అందని క్షణంలో గేటు గాల్లో వేలాడి రెండు మాస్‌ఫెట్లూ ఒకేసారి తెరుచుకోవచ్చు. ఐసీ సప్లైకి 100 ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, 15 వోల్టుల జీనర్ డయోడ్ (వోల్టేజీ అంతకు మించకుండా ఆపేది) తప్పనిసరి.

సరిచేశాక బ్యాటరీని నేరుగా కలపకండి. పాజిటివ్ తీగలో 12 వోల్టుల, 21 వాట్ల బండి బల్బును వరుసగా పెట్టి, లోడ్ లేకుండా ఆన్ చేయండి. ఫిలమెంట్ మసగ్గా ఎర్రబడితే లేదా అసలు వెలగకపోతే ఫర్వాలేదు. నిండుగా వెలిగితే వెంటనే ఆపేయండి, తప్పు ఇంకా ఉంది. ఈ పరీక్షలో ఇంకో మాస్‌ఫెట్ పోదు. తర్వాత బల్బు తీసి, బ్యాటరీ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి.

ప్రశ్న: ఇలాంటి ఇన్వర్టర్‌లోనే లోడ్ వేయగానే 190 వోల్టులే వస్తున్నాయి. 12-0-12 బదులు 9-0-9 వేస్తే పెరుగుతుందంటున్నారు. వేయవచ్చా?
– ఏలూరు పాఠకుడు

జవాబు: వద్దు. వోల్టేజీ పెరుగుతుంది కానీ 9 వోల్టులకు చుట్టిన వైండింగ్ మీద 12 పడితే, చదరపు తరంగం తెచ్చే ఎక్కువను కూడా కలిపి, కోర్‌కు దాదాపు ఒకటిన్నర రెట్ల భారం. పై ప్రశ్నలోని రోగమే మీకూ వస్తుంది. బజారు ట్రాన్స్‌ఫార్మర్‌ను లోడ్ మీద 12 వోల్టులు నిలిచేలా లోవోల్టు వైపు కొన్ని చుట్లు ఎక్కువ వేసి చేస్తారు. తిరగేసి వాడినప్పుడు అవే మనకు నష్టం. వైండింగ్ షాపులో 12-0-12 వైపు అలాగే ఉంచి, 230 వైపు 15 శాతం చుట్లు పెంచి చుట్టించుకోండి. అంతకు మించి అడగొద్దు, ఎందుకంటే ఆ 15 శాతానికే లోడ్ లేనప్పుడు 250 దాటవచ్చు. ఇంకో మాట: చవక మల్టీమీటర్ చదరపు తరంగాన్ని 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. మీ 190 నిజానికి 171 కావచ్చు. ట్రూ ఆర్ఎంఎస్ మీటర్‌తోనే (ఏ ఆకారపు తరంగానికైనా అసలు విలువ చూపేది) కొలవండి.

ప్రశ్న: 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ మీద సీలింగ్ ఫ్యాన్ ఎంతసేపు తిరుగుతుంది?
– కర్నూలు పాఠకురాలు

జవాబు: 60 వాట్ల లోడ్‌కు నష్టాలతో కలిపి బ్యాటరీ నుంచి 6 ఆంపియర్లకు పైనే పోతుంది. 7 ఏహెచ్ అన్నది నెమ్మదిగా, 20 గంటల్లో వాడితే వచ్చే లెక్క. ఇంత కరెంటు లాగితే ముప్పావుగంట నిలవడం కష్టం. 10.5 వోల్టులకు పడగానే ఆపేయండి. చదరపు తరంగం మీద ఫ్యాను మోగుతుంది, మోటారు వేడెక్కుతుంది. ఎల్ఈడీ బల్బులకే వాడుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ అవుట్‌పుట్‌ను ఇంటి సాకెట్‌లోకి దూర్చకండి. కరెంటు పోయినప్పుడు అది మీటరు దాటి వీధి తీగల్లోకి వెళ్తే, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఇన్వర్టర్‌కు విడిగా సాకెట్ పెట్టుకోండి.