నష్టం పద్దు వేరు, తప్పు పద్దు వేరు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలోని బెనె ఎఫ్రాయిమ్ యూదు కుటుంబం. వరసగా రెండేళ్లు కౌలు మిర్చిలో నష్టపోయాను. అన్నయ్య పూచీ మీద తెచ్చిన అప్పు తీర్చలేక ఆయన మీదే అరిచాను. పక్క వీధిలోనే ఉంటాడు, మాటల్లేవు. రోజూ తాగుతున్నాను. ఒక రాత్రి పిల్లల ముందే నా భార్యను కొట్టాను. ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ నష్టమే నాతో ఇదంతా చేయించింది. ఇది ఎలూల్ నెల, మాకు పశ్చాత్తాపపు నెల. షోఫర్ (పొట్టేలు కొమ్ము బూర) ఊదుతుంటే వినలేకపోతున్నాను. మా ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం నిష్ఠగా ఉంటే దేవుడు క్షమించి నాకు కొత్త బతుకు ఇస్తాడా?

జవాబు: తమ్ముడూ, నేను మీ మతస్థురాలిని కాను. కానీ మీ దారిలోనే మీకు జవాబుందని నమ్ముతున్నాను. షోఫర్ మోత ‘నిద్రపోతున్నవాళ్లారా, లేవండి, మీ పనులు తరచి చూసుకోండి’ అంటున్నట్టు ఉంటుందని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ రాశాడు. మీకు మెలకువ వచ్చింది కాబట్టే అది గుచ్చుకుంటోంది.

ఉపవాసం సంగతి మాత్రం మెత్తగా చెప్పలేను. మీ ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే స్పష్టంగా ఉంది: దేవుడి పట్ల చేసిన తప్పులకు యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం అవుతుంది, సాటి మనిషికి చేసిన తప్పుకు ఆ మనిషిని ఒప్పించుకునేదాకా కాదు. పాతిక గంటలు పచ్చి మంచినీళ్లు ముట్టకపోయినా ఆ దెబ్బ చెరగదు.

ఎలూల్‌లో మీవాళ్లు చేసుకునే ‘హెష్బోన్ హనెఫెష్’ అంటే ఆత్మ లెక్క. పద్దు రాయడం రైతుకు కొత్తేం కాదు కదా. కాగితం మీద రెండు పద్దులు రాయండి. పంట పోవడం, వడ్డీ పెరగడం ఒకటి. తాగడం, అరవడం, కొట్టడం రెండోది. మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి. ‘నష్టమే చేయించింది’ అన్నంతకాలం రెండో పద్దు తేలదు. మొదటిదానికి సిగ్గుపడక్కర్లేదు. రెండోదాంట్లో చేసిన పనిని పేరు పెట్టి ఒప్పుకోవాలని మైమొనిడీస్ నియమం.

ఆయనకూ కష్టం తెలుసు. వ్యాపారానికి బయలుదేరిన తమ్ముడు దావీదు మన హిందూ మహాసముద్రంలోనే మునిగిపోయాడు. ఇద్దరి డబ్బూ, పరాయివాళ్ల డబ్బూ అతనితోనే పోయింది. మైమొనిడీస్ ఏడాది పాటు మంచం పట్టాడు. తర్వాత బతుకుతెరువుకు వైద్యం పట్టుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత రాసిన ఉత్తరంలోనూ తమ్ముడి కోసం ఏడుస్తూనే ఉన్నాడు. మీ అన్నయ్య పక్క వీధిలోనే ఉన్నాడు తమ్ముడూ.

ఎదుటివారు క్షమించకపోతే ముగ్గురు స్నేహితులను తీసుకెళ్లి మళ్లీ అడగాలని, అలా మూడుసార్లు ప్రయత్నించాలని ఆయన చెప్పాడు. అన్నయ్య దగ్గర అలాగే చేయండి. మీ భార్య దగ్గరికి మాత్రం మనుషులను వెంటేసుకుని వెళ్లొద్దు. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుని ‘సర్దుకుపో అమ్మా’ అంటే ఆడపిల్లకు నోరెత్తే వీలుండదు. ‘పిల్లల ముందు నిన్ను కొట్టాను, తప్పు నాది’ అని కబురు పంపండి. రమ్మని అడగొద్దు. రావడం, రాకపోవడం ఆమె ఇష్టం. పిల్లల ఖర్చుకు ఎంతో కొంత పంపుతూ ఉండండి.

తాగుడు రోజూ ఉందన్నారు. ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు వణకడం, మూర్ఛలు రావచ్చు, అది ప్రాణాంతకం కూడా. ముందు డాక్టరుకు చూపించుకోండి, ఉపవాసం ఉండొచ్చో లేదో అక్కడే అడగండి. ప్రాణానికి ముప్పుంటే ఆ రోజు తినమనే మీ ధర్మం చెబుతుంది. రాత్రిపూట చచ్చిపోవాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

మళ్లీ అదే సందర్భం ఎదురై, ఆ తప్పు చేయగలిగీ చేయనప్పుడే టెషువా (పశ్చాత్తాపపడి మంచిదారికి మళ్లడం) పూర్తయినట్టని మైమొనిడీస్ అంటాడు. అంటే వచ్చే పంటకూ ధర పడిపోవచ్చు, అప్పులవాడు గుమ్మంలో నిలబడవచ్చు. ఆ సాయంత్రం మీరు ఎటు నడుస్తారన్నది అప్పుడు తెలుస్తుంది. ప్రస్తుతానికి రేపు పొద్దున్నే, చుక్క నోట్లో పడకముందే, అన్నయ్య ఇంటికి వెళ్లండి. అప్పు సంగతి ఎత్తకుండా అరిచిన సంగతి ముందు చెప్పండి.