మధ్యాహ్నానికి మైక్రోమీటర్ కొలత ఎందుకు మారుతుంది?

పొద్దున సరిపోయిన అల్యూమినియం ముక్క మధ్యాహ్నం పెద్దదిగా చూపిస్తోందంటే మైక్రోమీటర్ (మర తిప్పి మందం కొలిచే పరికరం) పాడైందని కాదు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మీటరు పొడవుకు, డిగ్రీకి ఉక్కు సుమారు 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగితే అల్యూమినియం 23 సాగుతుంది. ఉక్కు మైక్రోమీటర్, అల్యూమినియం ముక్క రెండూ 30 డిగ్రీల దగ్గరుంటే 100 మి.మీ. ముక్క 0.0115 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది, అంత తీసేయండి. మెషిన్ మీంచి తీసిన వెంటనే, ముక్క ఇంకా వేడిగా ఉండగా కొలిస్తే మాత్రం ఏ లెక్కా పనిచేయదు.

కాలిబ్రేషన్‌కి, అంటే పరికరం సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చడానికి, సున్నా ఒక్కటే చూస్తే చాలదు. 0–25 మి.మీ. పరికరమైతే కొలిచే ముఖాల మధ్య శుభ్రమైన కాగితం పట్టించి లాగి, ర్యాచెట్‌తోనే (ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉంచే చివరి పిడి) బిగించి సున్నా చూడండి. ఆపై గేజ్ బ్లాకులతో (కచ్చితమైన కొలత ఉన్న లోహపు దిమ్మెలు) 5.1, 10.3, 15, 20.2, 25 మి.మీ. దగ్గర చూడండి. అన్నీ 5, 10 లాంటి అంకెలే తీసుకుంటే థింబుల్ (గీతలున్న, తిరిగే గొట్టం) ప్రతిసారీ ఒకే గీత దగ్గర ఆగుతుంది, చుట్టు మధ్యలో ఉన్న తప్పు దొరకదు.