సమాధానం: 200 లీటర్ల మెరైన్ ట్యాంకులో స్కిమ్మర్ కప్పు పొడిగానే ఉంటోంది

కప్పులో ఏమీ చేరట్లేదని అడిగారు. మీ స్కిమ్మర్ (నీటిలో బుడగలు పుట్టించి, వ్యర్థాన్ని నురగగా పైనున్న కప్పులోకి తోసే పరికరం) పాడవలేదు, ట్యాంకుకు మించిన సైజు అయిపోయింది. సంప్‌తో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టితో) కలిపి 200 లీటర్లు, రెండే క్లౌన్ చేపలు. 1000 లీటర్లకని అమ్మే స్కిమ్మర్‌లో నురగను నిలబెట్టేంత వ్యర్థం వాటి నుంచి రాదు. వెడల్పాటి మెడలో బుడగలు సగం దాకా ఎక్కి పగిలిపోతాయి.

మార్చేముందు ఇవి చూడండి:

1. సంప్‌లో స్కిమ్మర్ ఉన్న గదిలో (అరలో) నీటి లోతు. చాలామంది వదిలేసేది ఇదే. రిటర్న్ పంపు (సంప్ నీటిని తిరిగి ట్యాంకులోకి పంపేది) నడుస్తుండగానే స్కేలు పెట్టి కొలవండి. ఆపితే పైనున్న నీళ్లు సంప్‌లోకి దిగి లెక్క తప్పుతుంది. మాన్యువల్‌లో 18–20 సెం.మీ. అని ఉండి మీ దగ్గర 14 ఉంటే నురగ మెడ దాకా రాదు. 26 ఉంటే కప్పులోకి పలచటి నీళ్లు పొంగుతాయి. లోతు ఎక్కువైతే కింద యాక్రిలిక్ స్టాండ్ పెట్టండి, తక్కువైతే ఆ గది తర్వాతి అడ్డుపలక ఎత్తు పెంచండి. రిటర్న్ పంపు గదిలో మాత్రం స్కిమ్మర్ వద్దు. నీరు ఆవిరయ్యేకొద్దీ అక్కడ మట్టం రోజూ పడిపోతుంది.

2. ఉప్పునీటి విశిష్ట సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. పలచబడితే నురగ తగ్గుతుంది.

3. కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చు.

అప్పటికీ పొడిగానే ఉంటే చిన్నది తీసుకోండి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె సాధారణంగా చేపలు బాగా తక్కువున్న ట్యాంకుకు. మధ్యస్థ లోడ్‌కి (చేపలు ఓ మోస్తరుగా ఉన్న ట్యాంకుకి) ఇచ్చిన అంకె చూడండి. అది 200–300 లీటర్లుంటే మీకు చాలు. చేపల సంఖ్య పెంచే ఆలోచన ఉంటే 300 వైపు వెళ్లండి.